సైనిక భోజనశాలల్లో ఆహార నాణ్యత

సైనిక భోజనశాల అనగా ప్రభుత్వము సమకూర్చిన రేషనుతో వంట చేసి సైనికులందరికీ ఒకేచోట వడ్డించే స్థలము. భారత సైన్యంలో జవాన్ల భోజనశాలను లంగరు అనీ, అధికారుల భోజనశాలను మెస్సు అనీ వ్యవహరిస్తారు. ఈ భోజనశాలల్లో లభించే ఆహారపు నాణ్యత సైనికుల ఆరోగ్యాన్నీ, మనోధైర్యాన్నీ, కొన్ని సందర్భాలలో యుద్ధ ఫలితాలను కూడా ప్రభావితం చేసింది. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమనున్న ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతానికి ఈ విషయముతో సన్నిహిత సంబంధమున్నది. ఈ ప్రాంతము సైన్యానికి మనుషులను పంపినది. దేశానికి బియ్యము, చేపలు, గుడ్లు పంపుచున్నది. సిపాయిల తిండిలోని లోపము వలన కలిగే బెరిబెరి వ్యాధి చరిత్రలోను దీనికి స్థానమున్నది.

నాణ్యత అనగా

సాధారణ పౌరునికి ఒక హోటలు భోజనము నచ్చకపోతే మరొక హోటలుకు వెళ్ళవచ్చును. సైనికునికి ఆ అవకాశము లేదు. ఏమి వండాలి, ఎంత పెట్టాలి, ఎక్కడి నుండి కొనాలి అనేవి ఇతరులు నిర్ణయిస్తారు. క్రమశిక్షణ కారణంగా బాగులేదని చెప్పడము కూడా అతనికి సులభము కాదు. అందువలన సైనిక ఆహారములో నాణ్యతను కేవలము రుచితో కొలవరాదు. ఈ క్రింది నాలుగు అంశాలను కలిపి చూడవలసి ఉంటుంది.

* పరిమాణము: నిర్ణయించిన రేషను పూర్తిగా పళ్ళెములోనికి చేరుచున్నదా?
* పోషక విలువ: శ్రమకు తగిన శక్తి, మాంసకృత్తులు, విటమినులు అందుచున్నవా?
* శుభ్రత: కల్తీ, పురుగు, కాలము చెల్లిన సరుకు లేకుండా ఉన్నదా?
* రుచి, అలవాటు: తినేవాని ప్రాంతపు ఆహారపు అలవాటుకు దగ్గరగా ఉన్నదా?

భారత వైద్య పరిశోధన మండలి 2010లో చేసిన సిఫార్సుల ప్రకారం 60 కిలోల బరువు గల పురుషునికి తేలికపాటి పని చేసేటప్పుడు రోజుకు 2,320 కిలో కేలరీలు, బరువైన పని చేసేటప్పుడు 3,490 కిలో కేలరీలు అవసరము. దీనిని బట్టి, ఇంటివద్ద చాలినంత భోజనము శిక్షణలో ఉన్న సైనికునికి ఎందుకు చాలదో గ్రహించవచ్చును.

ఉత్తర సర్కారులు - బెరిబెరి

బ్రిటిషు వారి కాలములో ఏలూరు, రాజమహేంద్రవరం, కొండపల్లి, శ్రీకాకుళం, గుంటూరు ప్రాంతాలను కలిపి ఉత్తర సర్కారులు అనేవారు. ఈ తీరప్రాంతములో విడిది చేసిన మద్రాసు సైన్యపు సిపాయిలకు బెరిబెరి వ్యాధి తరచుగా వచ్చేది. కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుబడటము, వాపులు, గుండె బలహీనత దీని లక్షణాలు. మద్రాసు సైన్య వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ ఈ వ్యాధిపై వ్రాసిన గ్రంథము 1835లో మద్రాసులో ప్రచురితమైనది. అప్పటికి విటమినుల సంగతి ఎవరికీ తెలియదు గనుక వ్యాధికి అసలు కారణము ఆయనకు అందలేదు.

కారణము తెలియడానికి దోహదపడినది కూడా ఒక సైనిక వంటశాలయే. 1890 ప్రాంతములో జావా ద్వీపములోని బటావియాలో పనిచేస్తున్న డచ్చి వైద్యుడు క్రిస్టియాన్ ఐక్‌మాన్ తన కోళ్ళకు సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నము పెట్టించేవాడు. కోళ్ళకు బెరిబెరి వంటి జబ్బు వచ్చింది. కొంతకాలానికి కొత్త వంటవాడు వచ్చి, సైనికుల అన్నమును పౌరుల కోళ్ళకు ఇవ్వనని నిరాకరించాడు. ముతక బియ్యము తినసాగిన కోళ్ళు కోలుకున్నాయి. తవుడులో ఉండి, తెల్లగా పాలిష్ చేసిన బియ్యములో లోపించే పదార్థమొకటి ఉన్నదని ఈ పరిశీలన ద్వారా క్రమంగా తేలినది. దానినే నేడు థయామిన్ లేదా బి1 విటమిను అంటున్నాము. ఐక్‌మాన్‌కు 1929లో నోబెల్ బహుమతి లభించినది.

ఇంచుమించు అదే కాలములో జపాను నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో ఇదే విషయాన్ని మరొక మార్గములో నిరూపించాడు. 1882-83లో ఒక శిక్షణ నౌకపై ప్రయాణించిన 376 మందిలో 169 మందికి బెరిబెరి సోకి 25 మంది మరణించారు. 1884లో ఆహారము మార్చి మాంసము, గోధుమ వంటి పదార్థాలు చేర్చి మరొక నౌకను అదే మార్గములో పంపగా సుమారు 15 మందికి మాత్రమే వ్యాధి సోకినది, ఒక్కరు కూడా మరణించలేదు. జపాను పదాతి సైన్యము మాత్రము తెల్లని అన్నమునే మేలైన ఆహారముగా భావించి కొనసాగించగా, 1904-05 రష్యా-జపాను యుద్ధములో వేలాది సైనికులు బెరిబెరితో మరణించారు.

భారతదేశములో ఈ పరిశోధన 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగముతో మొదలైనది. తమిళ ప్రాంతములో ఉప్పుడు బియ్యము తినేవారిలో వ్యాధి అరుదుగా ఉండటము, సర్కారు జిల్లాలలో పచ్చి బియ్యమును తెల్లగా ఆడించి తినేవారిలో ఎక్కువగా ఉండటము కూనూరు పరిశోధకులు గమనించారు. వడ్లను ఉడకబెట్టినపుడు తవుడులోని విటమిను కొంత గింజలోపలికి ఇంకుతుంది. పచ్చి బియ్యమును బాగా ఆడించి, పలుమార్లు కడిగి, గంజి వార్చినపుడు ఉన్న కొద్దిపాటి విటమిను కూడా పోతుంది. ఈ సంస్థయే తరువాత 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది.

కంటికి ఇంపుగా ఉన్న తెల్లని బియ్యము నాణ్యమైనదని వంటశాల నమ్మగా, తిన్నవాని శరీరము కాదని చెప్పినది. సైనిక ఆహార చరిత్రలో డెల్టా ప్రాంతము నేర్పిన ముఖ్యమైన పాఠము ఇదియే.

మొదటి ప్రపంచ యుద్ధము

ఏలూరుకు తూర్పున తాడేపల్లిగూడెం మండలములో మాధవరం అనే గ్రామమున్నది. తరతరాలుగా ఇక్కడి కుటుంబాలవారు సైన్యంలో చేరుతుండటము వలన దీనిని మిలటరీ మాధవరం అని పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఈ గ్రామము నుండి 90 మంది, రెండవ ప్రపంచ యుద్ధానికి వెయ్యి మందికి పైగా వెళ్ళారని చెబుతారు. గ్రామములో అమరవీరుల స్మారక చిహ్నము కలదు.

ఆనాటి భారతీయ సిపాయి శాంతి కాలములో తన జీతము నుండే తిండి ఖర్చు భరించేవాడు. ఉచిత రేషను సౌకర్యము యుద్ధ కాలములో, 1917లో, ఏర్పడినది. యుద్ధ భూమిలో ఇచ్చే రేషనులో గోధుమపిండి, పప్పు, నెయ్యి, బెల్లము ప్రధానము. కూరగాయలు, మాంసము బహు స్వల్పము. దీని ఫలితము మెసపటోమియా (నేటి ఇరాక్) రంగములో కనిపించినది. 1915 డిసెంబరు నుండి 1916 ఏప్రిల్ వరకు టర్కీ సేనలు కుట్ పట్టణాన్ని ముట్టడించినపుడు లోపల చిక్కుకున్న బ్రిటిషు సైనికులకు బెరిబెరి, భారతీయ సైనికులకు స్కర్వీ వచ్చాయి. తెల్లని మైదా రొట్టె తిన్నవారికి బి1 విటమిను లోపించగా, ముతక గోధుమపిండి, పప్పు తిన్న సిపాయిలు ఆ వ్యాధిని తప్పించుకున్నారు. కాని తాజా కూరగాయలు, మాంసము లేకపోవుటచే వారికి సి విటమిను లోపించి చిగుళ్ళనుండి రక్తము కారే స్కర్వీ సోకినది. ముట్టడిలో గుర్రపు మాంసము ఇచ్చినా, మతాచారము వలన పలువురు సిపాయిలు చాలాకాలము దానిని ముట్టలేదు. ఒకే కోటలో రెండు రకాల రేషనులు రెండు రకాల వ్యాధులను కలిగించిన ఈ సంఘటన పోషకాహార చరిత్రలో తరచుగా ఉదహరించబడుతుంది.

రెండవ ప్రపంచ యుద్ధము

1939లో సుమారు రెండు లక్షలున్న భారత సైన్యము 1945 నాటికి 25 లక్షలకు పెరిగినది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించాయి. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను విమానాలు బాంబులు వేసినవి. ఆ కాలములోనే తాడేపల్లిగూడెంలో బ్రిటిషు ప్రభుత్వము ఒక విమానాశ్రయమును నిర్మించినది. బర్మా బియ్యము ఆగిపోవుటతో సైన్యానికీ, ప్రజలకూ కూడా ఆహార కొరత ఏర్పడినది. 1943లో బెంగాలులో భయంకరమైన కరువు వచ్చి లక్షలాది మంది మరణించారు.

ఈ యుద్ధ కాలములో సైనికులను గోధుమ తినేవారు, అన్నము తినేవారు అని విభజించి వేర్వేరు రేషనులు నిర్ణయించారు. డెల్టా నుండి వెళ్ళిన తెలుగు సైనికులు అన్నము తినేవారి జాబితాలోనివారు. శిక్షణలో చేరిన కొన్ని నెలలకే కొత్త సైనికుల బరువు పెరుగుచున్నదని ఆనాటి సైనిక వైద్యులు గుర్తించారు. సైన్యపు తిండి మేలైనదనుటకు ఇది నిదర్శనమే గాని, గ్రామాలలోని పేదల తిండి ఎంత చాలీచాలనిదో కూడా ఇది తెలుపుచున్నది. నాడు అనేక కుటుంబాల యువకులను సైన్యము వైపు ఆకర్షించిన కారణాలలో జీతముతో పాటు రోజూ దొరికే కడుపునిండా భోజనము కూడా ఒకటి.

ప్రస్తుత సరఫరా విధానము

భారత సైన్యానికి ఆహార సరఫరా బాధ్యత ఆర్మీ సర్వీస్ కోర్ అనే విభాగానిది. 1760 డిసెంబరు 8వ తేదీని ఇది తన స్థాపన దినముగా జరుపుకొంటుంది. రేషను సరుకులు రెండు విధాలు.

* ఎండు సరుకులు: బియ్యము, గోధుమపిండి, పప్పులు, పంచదార, నూనె, తేయాకు మొదలగునవి. వీటిని కేంద్రీకృతముగా సేకరించి సరఫరా డిపోలకు పంపుతారు. బియ్యము, గోధుమలు భారత ఆహార సంస్థ నుండి లభిస్తాయి.
* తాజా సరుకులు: కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు, మాంసము, చేపలు. వీటిని ఎక్కువగా సైనిక స్థావరమున్న ప్రాంతములోనే గుత్తేదారుల ద్వారా కొంటారు.

పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల రైతులు పండించే వరిలో పెద్ద భాగము కేంద్ర ప్రభుత్వ నిల్వలకు చేరుతుంది. తాడేపల్లిగూడెం ఈ ప్రాంతములో ప్రముఖ బియ్యము వ్యాపార కేంద్రము. భారత ఆహార సంస్థ గిడ్డంగులు కూడా ఇక్కడ ఉన్నాయి.

సైనికుడు పనిచేసే ప్రదేశపు ఎత్తును బట్టి రేషను మారుతుంది. 9,000 అడుగులు, 12,000 అడుగులు దాటిన ప్రాంతాలకు ప్రత్యేక పదార్థాలు అదనముగా ఇస్తారు. ఎత్తైన ప్రదేశాలలో ఆకలి మందగిస్తుంది, నీరు తక్కువ వేడికే మరగడము వలన పప్పు, అన్నము సరిగా ఉడకవు. ఇట్టి చోట్లకు, ప్రయాణాలకు అవసరమైన నిల్వ ఆహార పదార్థాలను మైసూరులో 1961లో స్థాపించిన రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల రూపొందించినది.

నాణ్యతా పరీక్షలు

సరుకు కొన్నప్పటి నుండి వడ్డించే వరకు వివిధ దశలలో పరీక్షలు ఉంటాయి. ఎండు సరుకుల నమూనాలను సైన్యపు ఆహార ప్రయోగశాలలు పరీక్షించి, ఎంతకాలము నిల్వ ఉండునో అంచనా వేస్తాయి. మాంసము, పాలు వంటి వాటిని అందుకొనేటప్పుడే తనిఖీ చేస్తారు. లంగరులో వంట పూర్తయిన తరువాత విధులలోనున్న అధికారి రుచి చూస్తాడు. వంటవారికి వైద్య పరీక్షలు జరుపుతారు. భోజన పట్టిక నిర్ణయించుటకు యూనిట్లలో మెస్సు సంఘాలు ఉంటాయి.

ఈ ఏర్పాటులో ఒక సహజమైన బలహీనత కలదు. గొలుసులోని ప్రతి దశలోను పరీక్షించేవాడు ఒకడు, తినేవాడు మరొకడు. డిపోలో బాగున్న పప్పు కొండల మీద నెలల తరబడి నిలువ ఉన్న తరువాత అలాగే ఉండకపోవచ్చును. కాగితము మీద పూర్తిగా ఉన్న రేషను పళ్ళెము చేరేసరికి తగ్గవచ్చును. అందుచేత తినే సైనికుని అభిప్రాయాన్ని భయము లేకుండా తెలుసుకొనే మార్గము లేనిచో మిగిలిన పరీక్షలన్నీ అసంపూర్ణములే.

కాగ్ నివేదిక, 2017 వివాదము

భారత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) సైన్యపు రేషను సరఫరాపై జరిపిన తనిఖీ నివేదిక 2010లో పార్లమెంటు ముందుకు వచ్చినది. నిల్వకాలము ముగిసిన సరుకులకు గడువు పొడిగించి వాడుట, తాజా సరుకుల కొనుగోలులో తగినంత పోటీ లేకుండుట, కూరగాయలు, పండ్లు నిర్ణీత పరిమాణములో అందకపోవుట వంటి లోపాలను ఈ నివేదిక ఎత్తిచూపినది. సైనికుల అభిప్రాయ సేకరణలో అసంతృప్తి వ్యక్తమైనది. 2017లో వచ్చిన మరొక నివేదిక, మునుపటి సిఫార్సులలో అనేకము ఇంకా అమలు కాలేదని తెలిపినది.

2017 జనవరిలో జమ్మూ కాశ్మీరులో పనిచేస్తున్న సరిహద్దు భద్రతా దళ జవాను ఒకరు, తమకు మాడిన రొట్టె, పసుపు, ఉప్పు మాత్రమే వేసిన నీళ్ళ పప్పు పెట్టుచున్నారని దృశ్యాలతో సహా సామాజిక మాధ్యమములో ప్రకటించాడు. దేశవ్యాప్తముగా చర్చ జరిగినది. ప్రధానమంత్రి కార్యాలయము నివేదిక కోరినది. దళపు ఉన్నతాధికారులు ఆరోపణలను అంగీకరించలేదు. అదే సంవత్సరము ఏప్రిల్‌లో ఆ జవాను ఉద్యోగము నుండి తొలగించబడినాడు. సరిహద్దు భద్రతా దళము హోం మంత్రిత్వ శాఖ ఆధీనములోనిది గాని సైన్యములో భాగము కాదు. కాని ఈ సంఘటన లేవనెత్తిన ప్రశ్న యూనిఫారము ధరించిన అందరికీ వర్తించునది: తిండి బాగులేదని చెప్పుట క్రమశిక్షణను ఉల్లంఘించుట అగునా, లేక నాణ్యతా పరీక్షలో ఒక భాగమగునా?

కొల్లేటి చేపలు, తాజా సరుకుల సమస్య

కొల్లేరు సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా, 2002లో రాంసార్ చిత్తడి నేలగా గుర్తించారు. సరస్సు గర్భములోని అక్రమ చేపల చెరువుల గట్లను 2005-06లో ప్రభుత్వము తొలగించినది. సరస్సు చుట్టుపట్ల కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల చెరువులలో బొచ్చె, శీలావతి చేపలు విస్తారముగా పెంచుతారు. వీటిని మంచుగడ్డలతో పెట్టెలలో నింపి లారీలపై పశ్చిమ బెంగాలు, అస్సాం తదితర రాష్ట్రాలకు పంపుతారు. గోదావరి జిల్లాల కోడిగుడ్లు కూడా ఇదే దారిన ప్రయాణిస్తాయి.

2018 జూలైలో బయటి రాష్ట్రాల చేపలలో ఫార్మలిన్ అనే విష రసాయనము ఉన్నదని పేర్కొంటూ అస్సాం ప్రభుత్వము ఆంధ్రప్రదేశ్ తదితర రాష్ట్రాల చేపల దిగుమతిని పది రోజులు నిషేధించినది. ఫార్మలిన్ శవాలను కుళ్ళకుండా నిలువ ఉంచుటకు వాడే ద్రావణము. అదే నెలలో కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, చేపలలో ఫార్మలిన్, అమ్మోనియాలను కొద్ది నిమిషాలలో గుర్తించే కాగితపు పరీక్షా సాధనాన్ని విడుదల చేసినది. ఈ వివాదము పౌరుల మార్కెట్టుకు చెందినది. అయినను తాజా సరుకును స్థానిక మార్కెట్టు నుండి కొనే ఏ పెద్ద వంటశాలకైనా, అది సైనికులదైనా విద్యార్థులదైనా, ఇది హెచ్చరికయే. చెరువు గట్టున తాజాగా ఉన్న చేప వేయి మైళ్ళ అవతలి వంటశాలలో కూడా తాజాగా ఉన్నదని తెలుసుకొనుటకు సరుకు దిగే చోటనే పరీక్ష జరగాలి.

చిరుధాన్యాల పునఃప్రవేశము

అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైన 2023లో భారత సైన్యము అర్ధ శతాబ్దము తరువాత సజ్జ, జొన్న, రాగి పిండిని తిరిగి రేషనులో చేర్చినది. బియ్యము, గోధుమపిండి కోటాలో 25 శాతానికి మించకుండా వీటిని ఇచ్చుటకు నిర్ణయించారు. చిరుధాన్యాలలో పీచు, ఖనిజ లవణాలు అధికము. బెరిబెరి పరిశోధనలు చెప్పిన విషయము, అనగా తెల్లదనము పోషక విలువకు గుర్తు కాదనునది, ఈ నిర్ణయములో మరల గుర్తింపు పొందినది. అయితే పోషక విలువ ఉన్నంత మాత్రాన చాలదు. సంకటి, రొట్టె చేయుటలో వంటవారికి శిక్షణ లేనిచో మంచి ధాన్యము కూడా పళ్ళెములోనే మిగిలిపోతుంది.

ప్రాంతీయ రుచి కూడా ఇందుకు సంబంధించినదే. ఉమ్మడి లంగరులలో రొట్టె, పప్పు ప్రధానముగా ఉన్నచోట కోస్తా తెలుగు సైనికులు అన్నము, పులుసు, పచ్చడి లేని లోటును పూరించుకొనుటకు, సెలవు ముగించి తిరిగి వెళ్ళేటప్పుడు ఇంటినుండి ఆవకాయ, గోంగూర పచ్చడి వెంట తీసుకువెళ్ళుట పరిపాటి.

మిలటరీ హోటల్

దక్షిణ భారతదేశములో మాంసాహారము వడ్డించే సాధారణ భోజనశాలలకు మిలటరీ హోటల్ అనే పేరు వాడుకలో ఉన్నది. బెంగుళూరులో ఈ పేరుగల పాత హోటళ్ళు ప్రసిద్ధము. కోస్తా ఆంధ్రలోను ఈ వాడుక వినవస్తుంది. ఇవి సైన్యము నడిపే సంస్థలు కావు. శాకాహార హోటళ్ళ నుండి వేరుగా తెలియుటకు, సైనికులు మాంసము తింటారనే భావనతో ఈ పేరు ఏర్పడినదని సాధారణముగా చెబుతారు. జనుల ఊహలో సైనిక భోజనమనగా పుష్టికరమైన మాంసాహార భోజనమని ఈ పేరు సూచించుచున్నది. లంగరులోని పళ్ళెము ఆ ఊహకు ఎంత దగ్గరగా ఉన్నదో చెప్పగలవాడు మాత్రము ఆ పళ్ళెము ముందు కూర్చున్న సైనికుడే.